మూగబోయిన మెట్టు

ఉద్యోగ ఒప్పందం ముగిసి స్వదేశానికి బయలుదేరే కుటుంబాల ఇళ్ళలో ఆఖరి వారం ఒకే దృశ్యం కనిపిస్తుంది. మస్కట్‌లో అది రూవీ కావచ్చు, అల్ ఖువైర్ కావచ్చు. సోఫా ఒకరు, ఫ్రిజ్ ఒకరు, పిల్లల సైకిలు మరొకరు పట్టుకుపోతారు. గోడవారగా ఎవరికీ అక్కరలేని వస్తువు ఏదో ఒకటి మిగిలిపోతుంది. అది ఒక పాత ఎలక్ట్రానిక్ ఆర్గన్ అనుకుందాం. రెండు వరుసల మెట్లు, పాదాలతో తొక్కవలసిన మరొక వరుస, రంగురంగుల మీటలు, నలుగురు పట్టినా సులభంగా కదలని టేకు రంగు పెట్టె. స్విచ్ వేయగానే గుయ్యిమనే రొద. ఒక గాంధారం పలకదు. ఒక నిషాదం పలకడం మొదలుపెడితే ఆగదు. మర్నాటికి ఇల్లు ఖాళీ చేయాలి. అది చెత్తకుండీ పక్కకు చేరుతుందా, ఒక ఔత్సాహికుని ఇంటికి చేరుతుందా అన్నది ఆ ఒక్క సాయంత్రంలో తేలిపోవలసిందే.

ఆ నగరంలోనే, 2011 అక్టోబరులో ప్రారంభమైన రాయల్ ఒపేరా హౌస్‌లో, జర్మనీలోని బాన్ నగరానికి చెందిన క్లైస్ సంస్థ నిర్మించిన మహా వాద్యం ఒకటి ఉన్నది. దానికి నాలుగు వేల అయిదు వందలకు పైగా గొట్టాలు. అటువంటి వాద్యం సుస్తీ పడితే చూడడానికి నిపుణులుంటారు. ఇంట్లోని ఎలక్ట్రానిక్ ఆర్గన్‌కు ఆ భాగ్యం లేదు. దానిని తయారుచేసిన వారిలో చాలామంది ఎప్పుడో ఆ పని మానుకున్నారు. ఇక దానికి దిక్కు, తీరిక వేళల్లో టంకం కడ్డీ పట్టుకునే ఔత్సాహికుడే. ఆ ఔత్సాహికుడు తెలుగువాడై, చిన్నప్పుడు సరళీస్వరాలు నేర్చుకున్నవాడైతే, అతని దగ్గర ఖరీదైన పరికరం ఒకటి ముందే ఉన్నట్టు. అది అతని చెవి.

గాలి లేని హార్మోనియం

మన నాటక సమాజాలలో పద్యానికి ప్రాణం పోసిన హార్మోనియంలో ధ్వనిని పుట్టించేది గాలి. తిత్తి నుండి వచ్చే గాలికి ఇత్తడి రీడు అదురుతుంది. ఎలక్ట్రానిక్ ఆర్గన్‌లో అదిరేది విద్యుత్తు. సెకనుకు 440 సార్లు అటూ ఇటూ ఊగే విద్యుత్తును లౌడ్‌స్పీకరుకు పంపితే ఆరు శ్రుతి వినిపిస్తుంది. ఆ ఊపును ఎలా పుట్టించాలన్నదే ఆర్గన్ నిర్మాతలు మళ్ళీ మళ్ళీ ఎదుర్కొన్న ప్రశ్న.

ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాలలో అమెరికాలో థాడియస్ కాహిల్ అనే ఆయన ఏకంగా విద్యుత్ జనరేటర్లనే స్వరాలుగా వాడి రెండు వందల టన్నుల యంత్రాన్ని నిర్మించాడు. దానిని ఇంట్లో పెట్టుకోవడం మాట అటుంచి, ఊరు దాటించడమే గగనం. అదే సూత్రాన్ని ఒక గది మూలకు పట్టేలా కుదించినవాడు షికాగోలోని లారెన్స్ హామండ్. ఆయన వృత్తి గడియారాల తయారీ. సంగీత విద్వాంసుడు కాడు. 1935లో వెలువడిన హామండ్ ఆర్గన్‌లో అంచున గరుకులు తీర్చిన 91 లోహ చక్రాలు ఒక మోటారుతో తిరుగుతూ ఉంటాయి. ఒక్కొక్క చక్రం ముందు ఒక అయస్కాంతం, దానికి చుట్టిన తీగచుట్ట. గరుకు దాటినప్పుడల్లా తీగలో చిన్న విద్యుత్ కదలిక. 1970ల మధ్య వరకు ఆ చక్రాల ఆర్గన్లు తయారవుతూనే ఉన్నాయి.

తరువాత వాల్వులు, ట్రాన్సిస్టర్లు వచ్చాయి. మన ప్రేక్షకులకు ఈ జాతి ధ్వని ముందుగా పరిచయమైంది పాము రూపంలో! 1954 నాటి హిందీ చిత్రం ‘నాగిన్’లో దేశమంతటినీ ఊపిన నాగస్వరం నిజమైన బూర కాదు. వాల్వులతో పనిచేసే క్లావియోలిన్ అనే చిన్న వాద్యంపై కల్యాణ్‌జీ పలికించినది. 1959లో జపాన్‌లో యమహా సంస్థ ఎలక్టోన్ డి-1ను, 1962లో ఇంగ్లండులో జెన్నింగ్స్ సంస్థ వాక్స్ కాంటినెంటల్‌ను ట్రాన్సిస్టర్లతోనే తెచ్చాయి. ఔత్సాహికుల చేతికి ఎక్కువగా చిక్కేవి ఈ ట్రాన్సిస్టర్ తరానికి, దాని తరువాతి తరానికి చెందిన ఆర్గన్లే.

చెవి చెప్పే రోగనిర్ణయం

ట్రాన్సిస్టర్ ఆర్గన్ నిర్మాణంలో ఒక పొదుపు ఉన్నది. అది అర్థమైతే సగం మరమ్మతు అయినట్టే. అయిదు స్థాయిలలోని అరవై స్వరాలకు అరవై డోలకాలు అక్కరలేదు. అన్నిటికంటె పై స్థాయిలోని పన్నెండు స్వరస్థానాలకు పన్నెండు డోలకాలు చాలు. ఎందుకంటే ఏ స్వరానికైనా కింది స్థాయి అంటే సరిగ్గా సగం పౌనఃపున్యమే. కాబట్టి ప్రతి డోలకం వెనుక ఒక గొలుసు ఉంటుంది. ఆ గొలుసులో ఒక్కొక్క మెలిక తన పైనుండి వచ్చిన పౌనఃపున్యాన్ని రెండుతో భాగించి కిందికి అందిస్తుంది.

గోదావరి కాలువల కింద వ్యవసాయం ఎరిగిన వారికి దీనిని వేరే వివరించనక్కరలేదు. కాలువకు ఒకచోట గండి పడితే ఎగువ పొలాలకు నీరు ఆగదు. దిగువ పొలాలన్నీ ఎండుతాయి. ఆర్గన్‌లోనూ అంతే. తారస్థాయి గాంధారం చక్కగా పలుకుతూ, మధ్యస్థాయి గాంధారమూ దాని కింది గాంధారాలన్నీ మూగబోతే, గండి ఆ రెండు స్థాయిల మధ్య భాజకంలో పడిందని అర్థం. పెట్టె తెరవకముందే, వందల ట్రాన్సిస్టర్లలో అనుమానించవలసినవి రెండో మూడో అని తేలిపోతుంది. అన్ని స్థాయిలలోని గాంధారాలూ కలసికట్టుగా శ్రుతి తప్పితే దోషం తలకట్టులో, అంటే ఆ స్వరపు డోలకంలో ఉన్నది. అన్ని స్వరాలూ కలసి వణుకుతుంటే డోలకాలను వదిలి, వాటన్నిటికీ విద్యుత్తు పంచే విభాగాన్ని చూడాలి. ఒకే ఒక మెట్టు, అదీ ఒక మీట వేసినప్పుడు మాత్రమే పలకకపోతే గొలుసుతో నిమిత్తం లేదు. ఆ మెట్టు కింది స్పర్శ తీగకు మకిలి పట్టింది, అంతే.

రొదకు కూడా శ్రుతి ఉన్నది. ఒమాన్ విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు గలది. దానిని ఏకముఖంగా మార్చే పూర్తి తరంగ రెక్టిఫయర్ తరువాత మిగిలే అల 100 ఆవృత్తులది. కాబట్టి రొద 100లో ఉంటే విద్యుత్ విభాగంలోని పెద్ద వడపోత కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. అంతకు ఒక స్థాయి కింద, 50లో ఉంటే ఎర్తు తీగనో, లోపలి కవచపు తీగనో, ఒక డయోడునో అనుమానించాలి. రెండింటికీ మధ్య తేడా ఒక స్థాయి. తంబూరా విన్న చెవికి ఆ తేడా పట్టడం కష్టమేమీ కాదు. ఖరీదైన ఆసిలోస్కోపు ఉన్నవాడు ఇదే సంగతిని తెరమీద చూస్తాడు. దానికంటే ముందు వినడం అలవాటు చేసుకున్నవాడు తక్కువ టంకం కరిగిస్తాడు.

1970ల మధ్యలో వచ్చిన ఆర్గన్లలో ఈ పన్నెండు డోలకాలూ మాయమయ్యాయి. ఒకే ఒక డోలకం, దాదాపు ఇరవై లక్షల ఆవృత్తులతో. దానిని 478తో భాగిస్తే షడ్జం, 451తో భాగిస్తే శుద్ధ రిషభం, 426తో చతుశ్శ్రుతి రిషభం, ఇలా పన్నెండు స్వరాలనూ ఎంకె 50240 అనే ఒక్క చిప్పు తీసి ఇచ్చేది. శ్రుతి తప్పడమనే బాధ లేదు. కాని ఆ చిప్పు పోతే వాద్యం మొత్తం ఒక్క క్షణంలో శవమవుతుంది. అటువంటి చిప్పుల తయారీ ఆగిపోయి చాలా కాలమైంది. పాడైన మరొక ఆర్గన్ నుండి ఊడదీయాలి, లేదా కొందరు నేర్పరులు చేస్తున్నట్టు చిన్న మైక్రోకంట్రోలరుకు అదే లెక్క నేర్పి ఆ స్థానంలో కూర్చోబెట్టాలి. విచిత్రమేమంటే, పన్నెండు డోలకాల పాత ఆర్గన్‌కు కావలసిన మామూలు విడిభాగాలు దాని తరువాత వచ్చిన చిప్పు కంటే ఈనాడు సులభంగా దొరుకుతాయి.

ఉప్పుగాలి, ఖాళీ ఇల్లు

మస్కట్ సముద్రతీరం. వేసవిలో తేమ ఒంటిని అంటుకుంటుంది. కొన్నాళ్ళు లోపలి ఎడారి నుండి వేడిగాలి వీస్తుంది. సలాలా అయితే జూన్ నుండి సెప్టెంబరు వరకు ఖరీఫ్ తుంపరలో నానుతుంది. లోహపు స్పర్శ తీగలకు ఉప్పు కలిసిన తేమ కంటే చేటు లేదు. అయితే ఆర్గన్‌కు అసలు గండం వాతావరణం ఒక్కటే కాదు. మనవారి సెలవులు కూడా. పిల్లల బడులు మూయగానే కుటుంబం రెండు నెలలు ఆంధ్రకో తెలంగాణకో వెళుతుంది. ఏసీ ఆపిన ఇంట్లో, మూసిన కిటికీల వెనుక, చెక్కపెట్టె లోపల వేడి ఎంతకు పోతుందో చెప్పనక్కరలేదు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ లోపల ఉండేది ద్రవపదార్థం. ప్రతి 10 డిగ్రీల వేడికీ దాని ఆయుర్దాయం సగమవుతుందన్నది ఇంజనీర్ల మోటు లెక్క.

పైగా అది నెలల తరబడి విద్యుత్తు లేకుండా ఉంటే లోపలి అల్యూమినియం రేకు మీది పలుచని ఆక్సైడు పొర బలహీనపడుతుంది. ఊరినుండి వచ్చిన సంబరంలో ఒక్కసారిగా స్విచ్ వేస్తే ఆ కెపాసిటర్ వేడెక్కి పగలవచ్చు. పాతకాలపు రేడియో మెకానిక్కులు దీనికి తేలిక ఉపాయం చెప్పేవారు: సరఫరా తీగకు వరుసలో 60 లేక 100 వాట్ల ఫిలమెంటు బల్బును కలపడం. లోపల షార్టు ఉంటే బల్బు వెలుగుతుంది, వాద్యం బతుకుతుంది. లోపం లేకపోతే బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తుంది. ఎల్‌ఇడి దీపం ఈ పనికి అక్కరకు రాదు. కనుక ఇంట్లో మిగిలిన పాత బల్బు ఒకదానిని పారవేయకుండా దాచుకోవడం మంచిది.

స్పర్శ తీగలను శుభ్రం చేయడంలో తొందరపడినవారు చేసే మొదటి తప్పు గరుకు కాగితం. ఆ తీగల మీద ఉండేది వెండి, బంగారం, పల్లాడియం వంటి లోహపు పలుచని పూత కావచ్చు. గరుకు కాగితం మకిలితో పాటు పూతనూ తీసుకుపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన గట్టి కాగితపు ముక్కను తీగల మధ్య నెమ్మదిగా లాగడమే చాలు. దగ్గర మంట లేకుండా, కిటికీ తెరిచి. హామండ్ వారు ఇక్కడ ఒక దూరదృష్టి చూపారు. మెట్ల కింది కడ్డీని ఒక మరతో కొద్దిగా పక్కకు జరిపితే స్పర్శ మకిలి లేని కొత్త చోట పడుతుంది! ఆ మర సంగతి తెలియక మొత్తం విప్పి కూర్చున్నవారు కొందరుండరా? 1960ల నాటి కొన్ని ఆర్గన్లలో మెట్ల దగ్గర పెట్టిన నురగ పట్టీలు కాలక్రమేణా జిగురుగా కరిగి సన్నని తీగలను తినేస్తాయి. దానిని ఓపికగా తుడవడం తప్ప దగ్గరి దారి లేదు. హామండ్‌కు ఏడాదికొకసారి నూనె కూడా పోయాలి. గిన్నెలలో పోసిన నూనె సన్నని నూలు దారాల వెంట ప్రతి చక్రపు ఇరుసుకూ చేరుతుంది. దీపపు వత్తికి నూనె ఎక్కినట్టే.

సరిహద్దులో దిగిన శ్రుతి

గల్ఫ్‌లో మాత్రమే సులభంగా ఎదురయ్యే చిక్కు ఒకటి చెప్పుకోవాలి. సౌదీ అరేబియా విద్యుత్తు 60 ఆవృత్తులది. ఒమాన్, ఎమిరేట్స్, కువైట్, ఖతర్, బహ్రెయిన్‌లది 50. ఈ తేడా వల్లనే గల్ఫ్ దేశాల విద్యుత్ వ్యవస్థలను కలిపేటప్పుడు సౌదీలోని అల్ ఫాధిలీలో మధ్యవర్తిగా పెద్ద మార్పిడి కేంద్రం నిర్మించవలసి వచ్చింది. 2009 నుండి అది పనిచేస్తున్నది. దేశాల మధ్య అంత పెద్ద కేంద్రం చేసే పని ఇంట్లో ఎవరు చేస్తారు?

అమెరికా నుండి గానీ సౌదీ నుండి గానీ వచ్చిన 60 ఆవృత్తుల హామండ్‌ను మస్కట్‌లో పెట్టారనుకుందాం. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కొని తగిలిస్తారు. దీపం వెలుగుతుంది, చక్రాలు తిరుగుతాయి, ధ్వని వస్తుంది. కాని ఒకటి శ్రుతి మెట్టు నొక్కితే దాదాపు కింది ఆరు శ్రుతి పలుకుతుంది, అదీ కొంచెం దిగువగా. కొన్నవాడు వాద్యం చెడిపోయిందనుకుంటాడు. వాద్యంలో ఏ లోపమూ లేదు. దాని మోటారు సింక్రొనస్ మోటారు. గడియారాల తయారీదారు చేసినది కదా, సరఫరా ఆవృత్తుల వెంటే నడుస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది గాని ఆవృత్తులను మార్చదు. 60కీ 50కీ నిష్పత్తి 6:5. మన శాస్త్రం సాధారణ గాంధారానికీ షడ్జానికీ చెప్పిన నిష్పత్తి కూడా అదే! అంటే వాద్యం సరిగ్గా ఒక సాధారణ గాంధారమంత దూరం దిగింది. ఈ లెక్క తెలిసిన సంగీత ఉపాధ్యాయురాలు ఒక్క మెట్టు వినగానే ఆ పెట్టె ఏ విద్యుత్తుకు పుట్టిందో చెప్పగలదు. నివారణ ఫ్రీక్వెన్సీ కన్వర్టరు, లేదా 50 ఆవృత్తులకు తగిన మోటారు. ట్రాన్సిస్టర్ ఆర్గన్లకు ఈ బాధ లేదు. వాటి శ్రుతి గోడలోని విద్యుత్తును అడిగి పుట్టదు.

దీనికంటే పెద్ద ప్రమాదం తీగల రంగులలో పొంచి ఉన్నది. పాత బ్రిటిష్ పద్ధతిలోనూ, దానిని అనుసరించిన మన దేశంలోనూ నల్ల తీగ న్యూట్రల్. అమెరికా పద్ధతిలో విద్యుత్తు నిండిన తీగ నలుపు, న్యూట్రల్ తెలుపు. గుంటూరులోనో వరంగల్లులోనో వైరింగు నేర్చుకున్న చేయి నల్ల తీగను నిర్భయంగా పట్టుకుంటుంది. ఆ అలవాటు అమెరికా ఆర్గన్ లోపల ప్రాణాంతకం. రంగును నమ్మకూడదు, మీటరునే నమ్మాలి. ప్లగ్గు ఊడదీసిన తరువాత కూడా వాల్వు ఆర్గన్లలో కెపాసిటర్లు వందల వోల్టులను దాచుకుని ఉంటాయి. కొన్ని వేల ఓముల నిరోధకం ద్వారా వాటిని ఖాళీ చేసి, మీటరుతో సున్నా అని చూసుకున్న తరువాతే వేలు లోపల పెట్టాలి. విద్యుత్తు ఉండగా కొలవవలసి వస్తే ఒక చేయి జేబులో ఉండాలన్నది పాత మెకానిక్కుల నియమం. రెండు చేతుల మధ్య ఉన్నది గుండె గనుక. పిల్లలు పక్కన కూర్చుని చూడవచ్చు, టంకం కరగడం చూసి ఆనందించవచ్చు. సరఫరా విభాగం మూత తీసినప్పుడు మాత్రం వారిని గది బయట ఉంచాలి. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

పన్నెండు మరలు

లోపాలన్నీ తీరి, ప్రతి మెట్టూ పలికిన తరువాత శ్రుతి చేయడం మిగులుతుంది. పన్నెండు డోలకాలకు పన్నెండు తీగచుట్టలు. ఒక్కొక్కదాని మధ్య మరలా తిరిగే ఫెర్రైటు ముక్క. దానిని ఇనుప స్క్రూడ్రైవరుతో తిప్పితే ఇనుము దగ్గరకు రాగానే శ్రుతి మారిపోతుంది. ముక్క పగిలినా పగులుతుంది. ప్లాస్టిక్ పుల్లతో తిప్పాలి.

ఇక్కడే మన చెవికి ఒక పరీక్ష. పాశ్చాత్య పద్ధతిలో పన్నెండు స్వరస్థానాలూ సమాన దూరంలో ఉంటాయి. షడ్జ పంచమాలు శుద్ధమైన 3:2 నిష్పత్తికి వెంట్రుకవాసి తక్కువ. మధ్యస్థాయిలో ఒకటి శ్రుతి షడ్జాన్నీ దాని పంచమాన్నీ కలిపి నొక్కితే ధ్వని సెకనుకు ఒకసారి కంటే కొంచెం నెమ్మదిగా ఉబ్బి తగ్గాలి. అంతర గాంధారం అలా కాదు. శుద్ధ నిష్పత్తి అయిన 5:4 కంటే అది బాగా పైకి జరిగి ఉంటుంది. దానిని షడ్జంతో కలిపి నొక్కితే సెకనుకు పది కంపనాలు! కర్ణాటక సంగీతం విన్న చెవి ఆ అలజడిని తప్పుగా భావించి, మర తిప్పి గాంధారాన్ని కిందికి దించబోతుంది. దించితే ఒకటి శ్రుతి పాటకు హాయిగా ఉంటుంది. మూడు శ్రుతిలో పాడబోయినప్పుడు అసలు రహస్యం బయటపడుతుంది. మెట్ల వాద్యాలతో మన సంగీతానికి గల పేచీ పాతదే. ఆకాశవాణి 1940లో హార్మోనియంను నిషేధించి 1971 వరకు దూరంగా ఉంచింది. ఆ నిర్ణయం వల్ల మంచి వాద్యకారులెందరికో అన్యాయం జరిగింది. అయినా గాంధారం గురించిన ఫిర్యాదులో నిజం లేకపోలేదు.

విశేషమేమంటే, ఈ పేచీకి పరిష్కారం పాత ఆర్గన్‌లోనే ఉన్నది, కొత్తదానిలో లేదు. చిప్పుతో పనిచేసే ఆర్గన్‌లో 478, 379 అన్న అంకెలు సిలికాన్‌లో చెక్కి ఉన్నాయి. వాటిని కదపడం ఎవరి తరమూ కాదు. పన్నెండు మరల ఆర్గన్‌ను మాత్రం ఇంటివారి పాటకు అనుగుణంగా శ్రుతి చేసుకోవచ్చు. ఇంట్లో అమ్మాయి అయిదున్నర శ్రుతిలో సంకీర్తనలు పాడుతుంటే, ఎలక్ట్రానిక్ తంబూరాను పక్కన పెట్టుకుని, ఆ షడ్జానికి శుద్ధమైన పంచమాన్నీ, కదలని గాంధారాన్నీ ఒక సాయంత్రం కూర్చుని అమర్చవచ్చు. గమకం మాత్రం దానివల్ల కాదు. ఆ పని గొంతుదే.

శ్రుతి చేసే ముందు ఏసీ వేసి, ఆర్గన్‌ను కూడా స్విచ్ వేసి ఒక గంట వదిలేయాలి. తీగచుట్టలూ ట్రాన్సిస్టర్లూ గది వేడిని బట్టి కొద్దికొద్దిగా జరుగుతాయి. జూలై మధ్యాహ్నం 40 డిగ్రీల గదిలో చేసిన శ్రుతి, రాత్రి 24 డిగ్రీల చల్లదనంలో నిలవదు. అందుకే మస్కట్‌లో పన్నెండు మరల ఆర్గన్ ఉన్న ఇంట్లో, ఎవరైనా పాడడానికి కూర్చునే ముందు ఏసీ రిమోట్ ఎక్కడుందో వెతుక్కుంటారు.